సాయిల్ హెల్త్ కార్డులో పదమూడో గడి

"వానపాము రైతు నేస్తం" అని రాసి సైన్స్ పరీక్షలో మార్కు కొట్టనివాళ్ళు మన కాలేజీలో ఉండరు. చేలల్లో ఆ నేస్తానికి జరుగుతున్న మర్యాద మాత్రం వేరు. ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచు దాకా పత్తి, మిర్చే. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి పూతని మింగేస్తుంటే రైతు దొరికిన మందల్లా కొట్టాడు. అతన్ని తప్పు పట్టను. కౌలూ అప్పూ నెత్తి మీదున్నోడికి కళ్ళెదుట కనపడే పురుగే శత్రువు. నేనడిగేది ఆకు మీంచి జారి నేలలో పడ్డ మందు సంగతి.

ఎర్రకి ఊపిరితిత్తులుండవు. తడి చర్మంతోనే గాలి పీలుస్తుంది, మట్టినే తింటుంది. అంటే విషానికి రెండు దారులు. కార్బోఫ్యూరాన్ గుళికలు దాన్ని నేరుగా చంపుతాయి. కార్బెండజిమ్ అసలు పురుగుమందే కాదు, తెగుళ్ళ మందు. అయినా ఎర్రలకి ఎంత విషమంటే, కొత్త మందుల్ని పొలంలో పరీక్షించేటప్పుడు హాని ఎలా ఉంటుందో పోల్చుకోడానికి దాన్నే వాడతారు! పత్తి విత్తనాలకి పట్టించే ఇమిడాక్లోప్రిడ్ నెలల తరబడి మట్టిలో ఉండగలదు. కొద్ది మోతాదులో చంపకపోయినా ఎర్ర తినడం, తవ్వడం తగ్గిపోతుంది. చావలేదు కాబట్టి లెక్కలోకి రాదు.

ఆ లెక్కా విచిత్రమే. 1984 నాటి ఓఈసీడీ పరీక్షలో ఇసుక, బంకమన్ను, పీట్ కలిపిన కృత్రిమ మట్టిలో 14 రోజులు చూస్తారు. అందులో వేసేది ఐసీనియా, అంటే పెంటకుప్పల్లో బతికే ఎర్ర. మన పొలాల లాంపిటో వేరే జీవి. ల్యాబ్‌లో పాసైన కోడ్ క్లయింట్ దగ్గర ఏం చేస్తుందో మనకి తెలియంది కాదు.

మందు లేకుండా పంట రాదంటారా? పాల్వంచ మండలం పునుకుల చూడండి. పత్తి, మిర్చి పండించే ఊరే. మందుల షాపులవాళ్ళే అప్పులిచ్చేవాళ్ళు కూడా. సెక్యూర్ సంస్థ, సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడుగా నిలిస్తే, సంఘాల ఆడవాళ్ళు పట్టుబట్టి వేపగింజల కషాయం, మిర్చి-వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలతో 2004 కల్లా పురుగుమందులు మాన్పించారు. ఖర్చు తగ్గింది, దిగుబడి తగ్గలేదు.

2015 నుంచి ఇస్తున్న సాయిల్ హెల్త్ కార్డులో 12 గడులు ఉంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, జింక్, ఉదజని సూచిక వగైరా. ప్రాణమున్నది ఒక్కటీ లేదు. ఎర్రల సంఖ్యకి పదమూడో గడి కావాలని నా వాదన. దీనికి మిషన్ అక్కర్లేదు. ఈసారి ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపుకి బ్యానర్‌తో పాటు పార కూడా పెట్టుకుందాం. వానకి తడిసిన నేలలో అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు తవ్వి, మట్టిని గోనెపట్టా మీద పోసి చేత్తో ఏరి లెక్కపెడదాం. మందు కొట్టిన చేలో ఒక గుంత, పక్కనే ఏ మందూ పడని గట్టు మీద ఇంకోటి. రెండు అంకెలూ కార్డు వెనక రాసి ఆ రైతుకే ఇద్దాం.