జాతిసంహార నివారణము – పౌరుల విధి

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబోయినవానిని జూచి మనము నవ్వుదుము. కాని మనుష్యులను వారి పుట్టుకనుబట్టి గుంపుగా జంపు ఘోరముల విషయమున మన మందఱమును ఆ పనియే చేయుచున్నాము. రక్తము చిందిన పిమ్మట సభలు చేసి, తీర్మానములు పంపి, యిండ్లకు బోవుచున్నాము. రక్తము చిందకమునుపే ప్రభుత్వము నడుగుట పౌరుని ముఖ్యధర్మమని నా యభిప్రాయము.

పోలండు దేశీయుడగు న్యాయవాది రాఫెల్ లెమ్కిన్ 1944లో ఈ మహాపాతకమునకు క్రొత్తపేరు పెట్టెను. పిమ్మట రాయబారుల వాకిండ్లు త్రొక్కి, లేఖలు వ్రాసి, విసుగక యడిగెను. 1948 డిసెంబరు 9వ తేదీన ఐక్యరాజ్యసమితి జాతిసంహార నిషేధపు ఒడంబడిక నంగీకరించెను. శిక్షించుటయే గాక నివారించుటయు రాజ్యముల విధి యని యందు గలదు. మన దేశము 1959లో దానిని ధ్రువపఱచెను. అయినను ఆ నేరమునకు ప్రత్యేకశాసనము మనకు నేటికిని లేదు.

"అది పరదేశముల మాట, మన కేల?" యని విద్యార్థు లడుగవచ్చును. 1985 జూలై 17వ తేదీన కారంచేడులో ఆర్గురు దళితులు చంపబడిరి. 1991 ఆగస్టు 6వ తేదీన చుండూరులో ఎనమండ్రు చంపబడిరి. ఇవి ఒడంబడికలోని నిర్వచనమునకు సరిపడునా లేదా యనుట న్యాయవేత్తల చర్చ. పుట్టుకనుబట్టి ద్వేషించుట యను విత్తనము మాత్ర మొక్కటియే.

కారంచేడు బాధితులు చీరాలలో శిబిరము వేసికొని పోరాడిరి. దళిత మహాసభ పుట్టెను. అట్టి యాందోళనల బలముచేతనే 1989లో షెడ్యూల్డు కులములు, తెగలపై అత్యాచారముల నివారణ శాసనము వచ్చెను. చుండూరు బాధితులు తమ గ్రామముననే విచారణ జరుగవలెనని పట్టుపట్టి సాధించిరి. 2007లో ప్రత్యేక న్యాయస్థానము ఇరువదియొక్కమందికి యావజ్జీవశిక్ష విధింపగా, 2014లో ఉన్నత న్యాయస్థానము ఆ శిక్షలను గొట్టివేసెను. ఘోరము జరిగిన పిమ్మట న్యాయ మెంత దూరమో దీనివలన దెలియగలదు.

కాన ముందు జాగ్రత్తయే మేలు. ఆ శాసనము క్రింద 1995లో వెలువడిన నియమములలో అందులకు దారి గలదు. అత్యాచారములు జరుగునని భయమున్న ప్రాంతములను ప్రభుత్వము ముందుగానే గుర్తింపవలెను. కలెక్టరు అధ్యక్షతన జిల్లా సంఘము మూడు నెలల కొకసారియైన గూడవలెను. ఆ సంఘము గూడెనా? ఏ గ్రామముల గుర్తించిరి? ఏమి చేసిరి? చాగలమర్రినుండి నంద్యాల కలెక్టరుకు ఈ మూడు ప్రశ్నలు వ్రాయుటకు ఒక కాగితమును, ఒక తపాలాబిళ్ళయు చాలును. ప్రత్యుత్తరము రానిచో 2005వ సంవత్సరపు సమాచారహక్కు శాసన ముండనే యున్నది.

"ఊరు చల్లగా నుండగా ఈ ప్రశ్నలేల? లేని నిప్పు రాజును గదా" యని కొందఱు పెద్దలందురు. బావి యున్నదా యని యడిగినంతమాత్రమున ఇల్లంటుకొనదు. ఒక బాలుడు తోటివానిని కులము పేర దూషింపగా, తరగతియంతయు మిన్నకుండుట నేను జూచితిని. నాడు నన్ను భయపెట్టినది ఆ దూషణ కాదు, ఆ మౌనము.

విద్యార్థులారా, మీరు రేపటి పౌరులు. మంచి శాసనములు వాటంతట నవి రావు, వచ్చినవి వాటంతట నవి నడువవు. అడుగువా రుండవలెను. అడుగుట నేడే నేర్చికొనుడు.