ఆకాశమున నిలిచిన సాక్షి

కురుక్షేత్ర సంగ్రామమును చూచి చెప్పుటకై వ్యాసభగవానుడు సంజయునకు దివ్యదృష్టి నొసగెను. ఆయుధములు నిన్ను సోకజాలవని అభయము కూడ నిచ్చెను. మన కాలపు యుద్ధములలో ఆ చూచి చెప్పు పనిని నిర్వహించిన వైమానికులు కొందరు కలరు. వారికి దివ్యదృష్టి లేదు. అభయము అంతకంటెను లేదు. లోకము శత్రువును కొట్టినవానిని కొనియాడును. ఎచ్చట కొట్టవలయునో చూపినవానిని మరచును. ఆ మరపును గూర్చి పాఠకులకు కొన్ని మాటలు విన్నవింప దలచితిమి.

యుద్ధవిమానము గంటకు వందలకొలది కిలోమీటర్ల వేగమున పోవును. క్రిందనున్న భూమిని పరికించుటకు దాని చోదకునకు చిక్కు కాలము కొన్ని సెకండ్లు మాత్రమే. పొగయు దుమ్మును క్రమ్మియున్న రణరంగమున స్వపక్షపు కందకమునకును పరపక్షపు కందకమునకును గల భేదము ఆ ఎత్తునుండి, ఆ వేగమున, కానరాదు. కావున మెల్లగ పోవు చిన్న విమానముపై ఒక అధికారి రణరంగమున తిరుగుచు, శత్రుస్థానములను గుర్తెరిగి, రేడియోమూలమున యుద్ధవిమానములకు తెలుపుచుండును. వలసినచో పొగరాకెట్లు విడిచి గురిని చూపును. మెల్లదనమే ఆ విమానమునకు గుణము. మెల్లదనమే దానికి అపాయము. శత్రువును స్పష్టముగ చూడగలిగినంత చేరువకు పోయినవాడు శత్రువునకు స్పష్టముగ కనబడక తప్పదు.

ఈ పని ఏల అవసరమయ్యెనో తెలియుటకు ఒక్క ఉదాహరణము చాలును. 1944 జూలై 25న నార్మండీలో సెంట్ లో పట్టణమునకు సమీపమున అమెరికా బాంబరు విమానములు తమ సేనలకు దారి తీయుటకై వచ్చి, తమ సేనలపైననే బాంబులను వైచినవి. ఆ ఒక్క దినమున 111 మంది అమెరికను సైనికులు స్వజనుల చేతనే హతులైరి. వారిలో మెక్‌నెయిర్ అను సేనాధిపతియు ఒకడు. శౌర్యమునకు కొరత లేదు, బాంబులకు కొరత లేదు. సమీపమునుండి చూచి నిర్ణయింపగల కన్ను కొరవడినది. ఆ యేటనే ఇటలీ రణరంగమున చిన్న విమానములనుండి గురి చూపు పద్ధతి ఆచరణలోనికి వచ్చెను. 1950లో ప్రారంభమైన కొరియా యుద్ధమున సాధారణ శిక్షణ విమానములను ఇందులకే వినియోగించి, వానికి దోమలని పేరిడిరి. పేరు అల్పమే, పని అల్పము గాదు.

మన దేశచరిత్రలో ఈ విద్యకు ఉజ్జ్వలమైన నిదర్శనము లొంగేవాలా. 1971 డిసెంబరు 4వ తేది రాత్రి పాకిస్థాను సేన 40కి పైబడిన టాంకులతో, సుమారు 2000 మంది సైనికులతో రాజస్థాన మరుభూమిలోనికి చొచ్చుకొని వచ్చెను. లొంగేవాలా ఠాణాలో మేజరు కులదీప్ సింగ్ చాంద్‌పురి నాయకత్వమున పంజాబు రెజిమెంటు 23వ పటాలమునకు చెందిన సుమారు 120 మంది మాత్రమే ఉండిరి. జైసల్మేరు విమానస్థావరమున హంటరు విమానములు కొన్ని కలవు. కాని రాత్రివేళ పోరాడు సాధనములు వానికి లేవు. కావున తెల్లవారువరకు ఠాణాను నిలుపుకొనుట పదాతులకు విధి యయ్యెను. ఆ నిలుకడకు గుర్తుగా చాంద్‌పురికి మహావీరచక్రము లభించినది.

తెల్లవారినది, హంటరులు వచ్చినవి. అంతకుముందే పనికి పూనుకొనియున్న మరియొక విమానము కలదు. అది బెంగుళూరు హిందూస్థాను విమానకర్మాగారమున తయారైన కృషక్. కృషకుడనగా సేద్యకాడు. పేరునకు తగినట్లే అది నిరాడంబరమైన యంత్రము: ఒకే ఇంజను, గంటకు 200 కిలోమీటర్ల ప్రాంతపు వేగము. శత్రు టాంకులపై విమానములను కొట్టు మరతుపాకులు అమరియుండగా, వానికి బదులు చెప్పుటకు కృషక్‌నందు ఏమియు లేదు. దానిపై ఎక్కిన మేజరు ఆత్మాసింగ్ వైమానికదళపు ఉద్యోగి గాడు; స్థలసేనాధికారి. ఆ కాలమున ఫిరంగుల గురిని ఆకాశమునుండి సరిచూచుటకు స్థలసేనలో ప్రత్యేకముగ వైమానిక పరిశీలకులుండెడివారు. అట్టి పరిశీలకుడే నాడు వైమానికదళమునకు కన్నయ్యెను. ఇసుకలో చెదరియున్న టాంకులను గుర్తించి ఆయన చెప్పుచుండగా, హంటరులు జతలు జతలుగా వచ్చి ఫిరంగులతోను రాకెట్లతోను వానిని ధ్వంసము చేసినవి. మరుగు లేని మైదానమున టాంకులు ప్రాణభీతితో వలయములుగా తిరిగిన జాడలు ఆకాశమునుండి తీసిన చాయాచిత్రములలో నేటికిని కానవచ్చుచున్నవి. ఆ దండయాత్ర అచ్చటనే భగ్నమైనది.

ఆ గెలుపు ఘనత పదాతులదా, వైమానికులదా యను వాదము తరువాతి సంవత్సరములలో పుట్టినది. ఆ వాదమున పాల్గొన్నవారిలో నాటి యోధులును కలరు. ఆ వ్యాజ్యమునకు తీర్పు చెప్పుట మా పని గాదు. నేలకును నింగికిని నడుమ ఒక మాట నడవనిదే ఈ రెండు బలములును ఒక్కటి కాజాలవని మాత్రము చెప్పగలము. 1997లో వచ్చిన బోర్డర్ అను హిందీ చలనచిత్రము లొంగేవాలా పేరును ఇంటింటికి చేర్చినది. ఆ పేరు తెలిసిన మన బాలురలో కృషక్ పేరు విన్నవారెందరు?

పరదేశపు వీరులను మెచ్చుటకు మాకు సంకోచము లేదు. వియత్నాము ప్రజలపై అమెరికా నడపిన యుద్ధమును మేము సమర్థింపము. అయినను తోడివానికై ప్రాణమొడ్డిన మనుష్యుని గుణము అతని ప్రభుత్వపు నీతితో ముడిపడి యుండదు. 1967 ఫిబ్రవరి 24న దలాత్ ప్రాంతమున కెప్టెన్ హిలియర్డ్ విల్‌బ్యాంక్స్ అను వైమానికుడు, తాను కాచుచున్న దక్షిణ వియత్నాము సైనికులు పొంచియున్న శత్రువు నోటబడుటను చూచి హెచ్చరించెను. సాయమునకు రావలసిన యుద్ధవిమానములు ఇంకను చేరలేదు. పొగరాకెట్లు అయిపోగా, అతడు విమానపు ప్రక్కకిటికీనుండి తన చేతి రైఫిలుతో కాల్చుచు శత్రువులపైకి మరల మరల దిగి, వారి దృష్టిని తనవైపునకు త్రిప్పుకొనెను. మూడవ పర్యాయమున గాయపడి కూలెను. 1972 జూన్ 29న క్వాంగ్ ట్రీ సమీపమున కెప్టెన్ స్టీవెన్ బెనెట్ విమానమునకు క్షిపణి తగిలినది. వెనుక కూర్చున్న సహచరుని పారాచూటు చినిగియుండెను. తాను దుమికినచో తాను బ్రదుకును, సహచరుడు చచ్చును. ముందు కూర్చున్నవానికి ప్రాణాపాయమని ఎరిగియు అతడు విమానమును సముద్రమున దింపెను. సహచరుడు బ్రదికెను, బెనెట్ మరణించెను. ఇరువురకును మరణానంతరము ఆ దేశపు అత్యున్నత వీరపతకము లభించినది.

న్యాయవాదవృత్తి నెరిగినవారికి ప్రత్యక్షసాక్ష్యము బరువెంతటిదో తెలియును. న్యాయస్థానమున సాక్షి పలికిన మాటపై అడ్డుసవాళ్లు కలవు; న్యాయాధిపతి దానిని తూచి చూచును; అటుపిమ్మట పై కోర్టున అప్పీలు కలదు. ఆకాశమున సాక్షి పలికిన మాటకు అడ్డుసవాలు లేదు, అప్పీలు లేదు. నిమిషములో శిక్ష అమలు జరుగును. ఆ మాట తప్పైనచో చచ్చువారు తన పక్షపు సోదరులో, ఏ పాపమెరుగని గ్రామీణులో కావచ్చును. ఈ బరువును ఎరిగి, గుండ్ల వానలో తిరుగుచు, "కొట్టుడు" అని చెప్పుటకు ధైర్యము వలయును. "ఆగుడు, అచ్చటనున్నవారు మనవారు" అని చెప్పుటకు అంతకంటె నెక్కువ నిబ్బరము వలయును. మేము వీరత్వమని చెప్పునది ఈ నిబ్బరమును.

చోదకుడు లేని విమానములు వచ్చినవి. ఎచ్చటనో గదిలో కూర్చుండి తెరపై రణరంగమును చూడవచ్చును. ఇక ప్రాణమొడ్డి చూచువానితో పని యేమి యని కొందరు ప్రశ్నింపవచ్చును. సైనికుల ప్రాణములు దక్కుట సంతోషకరమే, యంత్రములను కాదనము. అయితే తెరముందు కూర్చున్నవాడు అభయము పొందిన సంజయుని వంటివాడు. క్రిందివారి ఆపద అతనికి దృశ్యమేగాని అనుభవము గాదు. కావున ఆపద తగ్గినకొలది పూచీ తగ్గకుండునట్లు చూచుట రాజ్యము విధి. గురిని నిర్ణయించినవాడెవడో, ఏమి చూచి నిర్ణయించెనో వ్రాతమూలమున నిలిచియుండవలెను. అది తప్పైనప్పుడు విచారణ జరుగవలెను. కృషక్‌లో కూర్చున్నవానిని అతని ప్రాణభయమే జాగరూకుని చేసెను. ఆ భయము లేనిచోట చట్టము ఆ పని చేయవలెను.

మా విన్నపములు రెండే. లొంగేవాలా కథను పిల్లలకు చెప్పునప్పుడు ఠాణాను నిలిపినవారితోను హంటరులను నడపినవారితోను పాటు, ఆయుధము లేక నడుమ నిలిచి చూచి చెప్పినవానిని గూర్చియు చెప్పుదురు గాక. దేశరక్షణకై క్రొత్త యంత్రములను కొనువారు, ఆ యంత్రములకు కన్నులై యుండు మనుష్యుల శిక్షణకును పూచీకిని అంతే శ్రద్ధ వహింతురు గాక.