పాఠ్యగ్రంథము – కూజా నీరు

తెలుగు బోధించు మాకు విజ్ఞానశాస్త్ర బోధనతో ఏమి పని యని చదువరులు ప్రశ్నింపవచ్చును. పాఠములోని మాట విద్యార్థికి అందనపుడు ఆ లోపములో భాషోపాధ్యాయులకును పాలు కలదు. అందుచేతనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

హైదరాబాదులో 1917లో నెలకొన్న దారుల్ తర్జుమా ఉర్దూలో శాస్త్ర పరిభాషను సిద్ధపరచినది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆ భాషలోనే శాస్త్రములు బోధించినది. ఆ కృషి శ్లాఘనీయము. అయినను "తబ్ఖీర్" అన్నను, "బాష్పీభవనము" అన్నను బాలునికి రెండును క్రొత్త మాటలే. కూజాలో నీరు చల్లబడుట మాత్రము అతడెరుగును. కూజా యను మాటయు ఉర్దూ, తెలుగులకు ఉమ్మడి సొత్తు. దానిని తరగతిలో ఉంచి పాఠము చెప్పిన ఉపాధ్యాయుడు ఆ పరిభాషకు ప్రాణము పోయును.

ఇందు మరొక విశేషము కలదు. కూజా పైకి ఊరిన నీరు ఆవిరి యగుచు లోపలి నీటి వేడిమిని గ్రహించును. కర్నూలు పొడి ఎండలో ఇది చురుకుగా సాగును. మచిలీపట్నపు తేమగాలిలో మందగించును. పుస్తకములోని వాక్యము ఒక్కటే, ఊరూర అనుభవము వేరు. ఈ భేదమును అక్కడి ఉపాధ్యాయుడు గాక ఎచటనో కూర్చున్న గ్రంథకర్త ఎట్లు చెప్పగలడు?

"పరీక్ష అందరికి ఒక్కటే గదా, పాఠము మార్చు తీరిక ఎక్కడిది?" అని ఉపాధ్యాయ మిత్రులు అందురు. వారి బాధ నిజమే. అయితే మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు జిల్లాలో 1972లో 16 పాఠశాలలలో 6, 7, 8 తరగతులకు ఆరంభమైన ప్రయోగము 1978లో జిల్లా అంతట విస్తరించినది. అచట తుమ్మముల్లే సూదిగా పనిచేసినది. ఉపాధ్యాయులు నెలనెలా సమావేశమై ఏ పాఠము సాగినదో, ఏది సాగలేదో చెప్పుకొనిరి. వారి అనుభవమును బట్టి "బాల్ వైజ్ఞానిక్" పుస్తకములు సవరింపబడినవి. పరీక్షయు మారినది, పిల్లలు పుస్తకము తెరచి వ్రాయవచ్చును. 2002లో రాష్ట్ర ప్రభుత్వము దానిని నిలిపివేసినది. ఉపాధ్యాయుల శ్రద్ధ యొక్కటే చాలదనియు, ప్రభుత్వపు ఆదరణయు నిలువవలెననియు ఇందువలన తెలియుచున్నది.

కావున విద్యాశాఖ వారికి మా మనవి యిది: నెలకొక పూట ఉపాధ్యాయులకు విడిచిపెట్టి, తమ పాఠములను తామే సవరించుకొను అధికారము నొసగుడు. పిలిచినచో భాషోపాధ్యాయులమైన మేమును వచ్చి కూర్చుందుము. రేపు ఉపాధ్యాయులు కానున్న మా విద్యార్థులకును ఒక మాట: పుస్తకము తెరచుటకు ముందు, ఎదుట కూర్చున్న పిల్లల ఇండ్లలో ఏమున్నదో అడిగి తెలుసుకొనుడు.