ఒలింపిక్స్‌కు కాంపౌండ్ వచ్చింది.. మరి ఆ విల్లు విప్పేదెవరు?

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ ఆర్చరీ తొలిసారి అడుగుపెట్టబోతోంది. ఉన్నది ఒక్కటే అంశం, మిక్స్‌డ్ టీమ్. 2025 ఏప్రిల్‌లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి ఓకే చెప్పింది. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఈ పాయింట్ ఎప్పుడో నోట్సులో రాసుకుని ఉంటారు. ఇక్కడ మాట్లాడుకునేది ఆ ఒక్క మార్కు గురించి కాదు, దాని వెనకున్న చిన్న పని గురించి.

ఈ వార్త విని ఎక్కువ సంతోషించాల్సిన ఊళ్లలో విజయవాడ ముందుంటుంది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విభాగంలోని ఐదు స్వర్ణాలూ మనవే. అందులో మూడింటిలో మన ఊరి అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ ఉంది. అదే ఏడాది బెర్లిన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అదితి స్వామి, పర్‌నీత్ కౌర్‌లతో కలిసి మహిళల టీమ్ స్వర్ణం కూడా గెలిచింది. ఇదంతా ఒక్కరోజులో వచ్చింది కాదు. కూతురు వోల్గా పేరిట చెరుకూరి సత్యనారాయణ నడిపిన అకాడమీ, 2010లో రోడ్డు ప్రమాదంలో పోయిన ఆయన కొడుకు లెనిన్ ఇచ్చిన కోచింగ్.. ఈ ఊళ్లో పిల్లల చేతికి విల్లు అందించాయి.

ఆర్చర్లు ఉన్నారు, కోచ్‌లు ఉన్నారు. మరి విల్లు పాడైతే? పోటీ రేపనగా పీప్ పక్కకు తిరిగిపోయినా, కేబుల్ పోగు లేచినా ఎవరి దగ్గరికి వెళ్లాలి? మామూలుగా కోచే చూస్తారు, లేదంటే సీనియర్ ఆర్చర్. దాన్నే పనిగా పెట్టుకున్నవాళ్లు తక్కువ. మెకానికల్ డిప్లొమానో బీటెక్కో చదివి, స్కూల్లో ఉన్నప్పుడు నాలుగు బాణాలు వేసిన కుర్రాళ్లకు ఇంట్లోనే వర్క్‌షాప్ పెడదామన్న ఆలోచన రావడం సహజం. ఆ ఆలోచన వచ్చిన ప్రతివాడి ముందూ నిలబడే మొదటి ఖర్చు బౌ ప్రెస్.

ప్రెస్ ఎందుకు?

రికర్వ్ విల్లుకు ఇది అక్కర్లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ టీమ్‌లో అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానంలో నిలిచిన మన బొమ్మదేవర ధీరజ్ వాడేది రికర్వే. దానికి నారి ఎక్కించాలంటే స్ట్రింగర్ అనే తాడు ముక్క చాలు. కాంపౌండ్ కథ వేరు. రెండు చివర్లా తిరిగే క్యామ్‌లు, వాటిని కలిపే కేబుళ్లు, వాటి మీద స్ట్రింగ్. ఎవరూ లాగకుండా గోడకు వేలాడుతున్నప్పుడు కూడా దాని లింబ్‌లు బిగుతుగా వంగే ఉంటాయి. ఆ బిగువు తగ్గించకుండా స్ట్రింగ్ తీయబోతే విల్లు పగలొచ్చు, వేళ్లు తెగొచ్చు, కన్ను పోవచ్చు. లింబ్‌లను ఇంకాస్త వంచి, స్ట్రింగ్ వదులయ్యేలా పట్టి ఉంచే పరికరమే బౌ ప్రెస్. స్ట్రింగ్, కేబుల్ మార్చడం, పోగుల మధ్య పీప్ దూర్చడం, మెలికలు పెంచి రెండు క్యామ్‌లూ ఒకేసారి తిరిగేలా సరిచేయడం.. చాలా విల్లులకు ఇవన్నీ దాని మీదే జరగాలి.

మార్కెట్లో దొరికేవి ప్రధానంగా మూడు రకాలు. మొదటిది పోర్టబుల్. రెండు బ్రాకెట్లు, మధ్యలో ఉక్కు తీగ, బిగించడానికి ఒక స్క్రూ. అమెరికాలో యాభై డాలర్లకు అటూఇటూగా దొరుకుతుంది, బ్యాగులో పడుతుంది. గ్రౌండ్‌లో పీప్ మార్చాల్సి వస్తే బతికిస్తుంది. కానీ బ్రాకెట్ సరిగ్గా కూర్చోకపోతే లాగుడు ఒకవైపే పడుతుంది. రోజూ పదిమంది విల్లులు చూసేవాడికి ఇది అసలు ప్రెస్ కాదు, స్టెప్నీ.

రెండోది పాతకాలపు రోలర్ ప్రెస్. రైజర్‌ను పట్టుకుని లింబ్‌ల మధ్యభాగం మీద ఒత్తిడి పెడుతుంది. లింబ్‌లు నిటారుగా ఉన్న రోజుల్లో పనికొచ్చింది. ఇప్పటి విల్లుల్లో రెండు లింబ్‌లూ ఒకదానికొకటి దాదాపు సమాంతరంగా ఉంటున్నాయి. వాటిని ఇందులో పెడితే వంగకూడని చోట వంగుతాయి. సెకండ్‌హ్యాండ్‌లో చౌకగా వస్తోందంటే కారణం అదే. దాని జోలికి వెళ్లకండి.

మూడోది బల్లకు బిగించే ఫింగర్ ప్రెస్. వేళ్ల లాంటి కొక్కేలు లింబ్ చివర్లను పట్టుకుని లోపలికి నెడతాయి. ఆర్చర్ లాగినప్పుడు లింబ్ ఎలా వంగుతుందో ఇందులోనూ దాదాపు అలాగే వంగుతుంది. కొంటే ఇదే కొనాలి. ధర మాత్రం వందల డాలర్లలో ఉంటుంది, బరువైన సామాను కాబట్టి రవాణా, సుంకం అదనం. కొనేముందు విల్లు పొడవు, అంటే ఒక క్యామ్ ఇరుసు నుంచి రెండోదాని ఇరుసు వరకు ఎంత ఉందో చూడాలి. టార్గెట్ విల్లులు ఎక్కువగా 36 నుంచి 40 అంగుళాల మధ్య ఉంటాయి, పిల్లలవి ఇంకా పొట్టివి. రెండూ పట్టే ప్రెస్ కావాలి. ఒక్కో వైపు లింబ్ రెండుగా చీలి ఉండే స్ప్లిట్ లింబ్‌లకు వేళ్ల మధ్య దూరం సర్దుకునే వీలుండాలి. మోటారుతో తిరిగేది అవసరం లేదు. చేత్తో తిప్పితేనే ఎక్కడ బిగుస్తోందో తెలుస్తుంది.

ఆటోనగర్‌లో చేయించలేమా?

విజయవాడ కుర్రాడికి వచ్చే మొదటి ప్రశ్న ఇదే, తప్పు కూడా కాదు. లారీ బాడీలు కట్టే ఊళ్లో ఒక చదరపు గొట్టం, ఒక స్క్రూ రాడ్, హ్యాండిల్ కలిపి వెల్డింగ్ చేయించడం ఎంతసేపు! చేయించవచ్చు. కాకపోతే రెండు విషయాలు. స్క్రూకు ఆక్మే మర వేయించండి. చెయ్యి వదిలేసినా లోడు దాన్ని వెనక్కి తిప్పలేదు. స్మూత్‌గా తిరుగుతుందని బాల్ స్క్రూ పెడితే, బ్రేకు లేనప్పుడు ఒత్తిడికి అదే వెనక్కి తిరిగే ప్రమాదం ఉంది. డిజైన్ ఆఫ్ మెషిన్ ఎలిమెంట్స్‌లో సెల్ఫ్ లాకింగ్ అని చదివింది ఇదే, సెమిస్టర్ అయ్యాక కూడా పనికొచ్చే పాఠాల్లో ఒకటి. ఇక వేళ్ల భాగం. అవి ఒకే వరసలో ఉండాలి, లింబ్‌ను తాకే చోట మెత్తటి పూత ఉండాలి. మిల్లీమీటర్ల తేడాతో లింబ్ మెలితిరుగుతుంది. నన్నడిగితే ఫ్రేమ్ ఆటోనగర్‌లో చేయించి, వేళ్లు మాత్రం కంపెనీవి తెప్పించుకోవడం మేలు. లక్షల రూపాయల విల్లును మన తొలి ప్రయోగానికి ఇచ్చేవాళ్లు ఉండరు, ఉండకూడదు కూడా.

ప్రెస్ ఎక్కించేముందు ఆ మోడల్ మాన్యువల్ చదవాలి. లింబ్ బోల్టులు ఎన్ని చుట్లు వదులు చేయొచ్చో అందులో ఉంటుంది. పైనా కిందా సమానంగా వదలాలి. లింబ్ అంతటా దూదితో తుడవండి. ఎక్కడైనా దూది పోగు చిక్కుకుంటే అక్కడ చీలిక ఉన్నట్టే, ఆ విల్లును ప్రెస్ మీద పెట్టొద్దు. కళ్లద్దాలు తప్పనిసరి. మన ఎండలకు ఇంకో జాగ్రత్త ఉంది. మే నెలలో మూసిన కారులో విల్లు వదిలేస్తే స్ట్రింగ్ సాగి ట్యూనింగ్ పోతుంది. ఆ తర్వాత వచ్చే ఉక్కపోతకు ప్రెస్ స్క్రూ తుప్పు పడుతుంది, గ్రీజు మరవకండి.

ఇప్పుడు అసలు విషయం, డబ్బులు. మీకు అందేంత దూరంలో నలభై కాంపౌండ్ విల్లులు ఉన్నాయనుకుందాం. ఒక్కోటి ఏడాదికి మూడుసార్లు మీ దగ్గరికి వస్తే 120 పనులు. పనికి 500 తీసుకుంటే ఏడాదికి 60 వేలు, నెలకు ఐదు వేలు. ఇది జీతం కాదు. రూమ్ అద్దెకు సరిపోతే గొప్ప. అందుకే ఉద్యోగ ప్రయత్నం ఆపేసి, ముద్రా లోన్ తీసుకుని ప్రెస్ కొనేయమని ఎవరైనా చెబితే వినొద్దు. స్ట్రింగులు స్వయంగా కట్టి అమ్మడం, బాణాలు కోసి ఈకలు అతికించడం, పోటీలప్పుడు టీములతో వెళ్లడం కూడా కలిస్తేనే లెక్క మారుతుంది. ఆట మాత్రం పెరుగుతోంది. 2025 అక్టోబరులో ఢిల్లీలో జరిగిన తొలి ఆర్చరీ ప్రీమియర్ లీగ్‌లో రికర్వ్, కాంపౌండ్ ఆర్చర్లు ఒకే టీములో ఆడారు. 2026 సెప్టెంబరులో జపాన్‌లోని ఐచి-నగోయా ఆసియా క్రీడలు, తర్వాత లాస్ ఏంజెలెస్. పిల్లలు కాంపౌండ్ వైపు రావడానికి ఇప్పుడు మునుపు లేని కారణం ఉంది.

పటియాలా జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా నేర్పేది కోచింగ్. విల్లు రిపేరు మాత్రం ఒకరి పక్కన కూర్చునే నేర్చుకోవాలి. కాబట్టి ఆర్డర్ పెట్టకముందే ఓ నాలుగు ఆదివారాలు ఆర్చరీ గ్రౌండ్‌కు వెళ్లండి. కోచ్‌ను అడిగి పక్కన నిలబడండి. పుస్తకంలో రాసుకోండి: రికర్వ్‌లెన్ని, కాంపౌండ్‌లెన్ని, ఏ కంపెనీవి, ఎన్ని అంగుళాలు, స్ప్లిట్ లింబా కాదా, స్ట్రింగ్ చివరిసారి ఎప్పుడు మార్చారు, ఎవరు మార్చారు. ఆ కాగితంలో కాంపౌండ్‌లు పది దాటకపోతే పోర్టబుల్ ప్రెస్‌తో సరిపెట్టుకోండి. దాటితే బల్ల ప్రెస్ సైజు ఎంత ఉండాలో ఆ కాగితమే చెబుతుంది.