అద్దె దరువు

గత ఉగాది సాయంకాలమున మన సంఘపు వేదికపై జరిగిన గలభాను ఈ సంచిక చదువు కుటుంబములవారు చాలమంది చూచియే యుందురు. చూడనివారి కొఱకు రెండు మాటలు. ఇరువదేండ్ల కుఱ్ఱవాడొకడు, గని కార్మికుని కుమారుడు, తాను వ్రాసిన తెలుగు ర్యాప్ పాటను పాడెను. పాట వెనుక మ్రోగిన వాద్యఘోష మాత్రము అతనిది కాదు, చేతిఫోనులోనుండి వచ్చినది. ముందు వరుసలోని పెద్దలు కొందఱు లేచి పోయిరి. తరువాతి కార్యవర్గ సమావేశములో రెండు పక్షము లేర్పడినవి. ర్యాప్ అను పేరే మన వేదికపై వినబడరాదని ఒక పక్షము. ఈ మరాఠీ దేశములో పుట్టి పెరిగిన పిల్లలు తెలుగులో నోరు విప్పుటయే పదివేలు, దరువు ఎవరిదైన నేమి యని రెండవ పక్షము. మేము ఈ రెండింటిలో దేనికిని చేయి ఎత్తలేదు. ఎందు కెత్తలేదో వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు కోరిరి.

మొదటి పక్షమువారితో మాకు పెద్ద పేచీ లేదు. వారు ర్యాప్ విని తిట్టుట లేదు, వినకయే తిట్టుచున్నారు. మాటను లయకు కట్టి, పాటకును వచనమునకును నడుమ నిలిచి, జనుల యెదుట సూటిగా పలుకుట మనకు క్రొత్తది కాదు. 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజర్ బుఱ్ఱకథను ఎఱుగని తెలుగువా డుండడు. భుజముపై తంబుర, బొటనవ్రేలికి అందె. మాట నోటినుండి వచ్చుసరికి దరువు చేతినుండి వచ్చెడిది. హరికథకు పెద్దదిక్కైన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864-1945) కథ తామే రచించి, బాణీ తామే కట్టి, కాళ్ళు చేతులు శిరస్సు వేర్వేరు తాళములు నడుపుచుండగా పాడి పండితులను మెప్పించిరి.

అంత దూరము పోనేల? మన జిల్లాలోని చిమూరునే తలచుకొందము. తుకడోజీ మహారాజు (1909-1968) తన భజనలు తానే వ్రాసి, తానే ఖంజరి వాయించుచు పాడెను. 1942 ఆగష్టు 16న చిమూరు ప్రజలు ఆంగ్ల ప్రభుత్వముపై తిరుగబడుటలో ఆ భజనల పాలు ఎంతటిదో ఇచ్చటి ముదుసళ్ళు చెప్పుచుండగా మేము బాల్యమున వింటిమి. ఆ యేడే ఆయనను చెఱలో పెట్టిరి. వ్రాసినవాడు, పాడినవాడు, వాయించినవాడు ఒక్కడే.

మా అసలు తగవు రెండవ పక్షముతో. దరువు ఎవరిదైన నేమి యనువారు పాటను కాగితముపై అక్షరములుగా మాత్రమే చూచుచున్నారు. పదుమూడవ శతాబ్దిలో దేవగిరి యాదవుల కొలువున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరము రచించెను. ఆ దేవగిరియే మన మహారాష్ట్రములోని దౌలతాబాదు కోట. మాటను, గేయమును రెండింటిని కల్పించువాడే వాగ్గేయకారుడని యాతడు నిర్ణయించెను. అంతటితో ఊరకొనలేదు. మాట ఎంత సొగసైనను బాణీ మందమైనచో అట్టివానిని అధముల వరుసలో కూర్చుండబెట్టెను. పరుల బాణీలో తన మాటలు పోయువానికి కుట్టికారుడని వేఱు పేరే పెట్టెను. ఎనిమిది వందల యేండ్ల క్రిందటనే ఈ తగవు తీర్పు చెప్పబడియున్నది.

ఆ కుఱ్ఱవాడు మఱునాడు మా యింటికి వచ్చెను. అతడు తెచ్చుకొన్న దరువు కాగితములను మేము గుమాస్తా కన్నులతో చదివితిమి. ఇన్నేండ్లు మేము చేసిన పని యదే గదా. ఏ దేశమువాడో కట్టిన దరువు అంగడిలో నుండును. రుసుము చెల్లించినవారి కెల్ల అదే దరువు అద్దెకిచ్చెదరు. ఇన్ని మారులు వినిపించుట వఱకే అనుమతి యని హద్దు. ఎవడైన మొత్తము వెల యిచ్చి దరువును సొంతము చేసికొన్నచో క్రొత్తగా అద్దెకు దొరకదు. ఒక్క మాటలో, ఇల్లు కాదు, సత్రము. ఆ దరువుపైననే వేఱు దేశముల కుఱ్ఱవాండ్రు తమ తమ బాధలు పాడుకొనుచుందురు. బల్లార్షా బాధకు అందు తనదను గది యేది?

అయినను మాకు కలిగిన దుఃఖము కాగితముల వలన కాదు. ఆతని పాట మొదటి పంక్తి యిది: “బొగ్గుగని మా బాపు, బొగ్గుపొడి మా యిల్లు.” చదువరులు వ్రేళ్ళపై మాత్రలు లెక్కించి చూడుడు. ఐదు, ఐదు, ఐదు, ఐదు. ఖండగతి! ఛందస్సు పేరెఱుగని బాలుని నోట తనంత తాను వచ్చినది. కరీంనగరపు అమ్మమ్మ మాటలోనుండి వచ్చియుండును. కాని అద్దె దరువు నాలుగేసి నడచుచున్నది. ఆ నడకలో ఇముడ్చుటకై వేదికపై అతడు “గని”ని “గనీ” యని సాగదీసెను, “బాపు”ను “బపు” అని కుదించెను. తెలుగులో దీర్ఘము హ్రస్వము ప్రాణములు. పాలు వేఱు, పలు వేఱు. కాలము వేఱు, కలము వేఱు. తండ్రి పేరు పలుకుటకై నిలిచినవాడు తండ్రిని పలుకలేక పోయెను. వానికి తెలుగు రాదని లేచిపోయిన పెద్దలు నిందించిరి. తెలుగు రాక కాదు, దరువు రానీయక.

నాలుగు మనకు పరాయి దనుట లేదు. ఆదితాళము ఎనిమిదే. గురజాడవారు 1910లో ముత్యాలసరములకు మూడు నాలుగుల నడక నెన్నుకొనిరి. ఎన్నుకొనుట వారి చేతిలో నుండెను. ఈ బాలుని చేతిలో లేదు. మా అభ్యంతర మంతయు అదియే.

పరుల బాణీపై వ్రాయుట యేమగునో మాకు అనుభవమున తెలియును. ముప్పదియేండ్ల క్రిందట మేము భజనమండలి కొఱకు ఒక హిందీ చలనచిత్రపు బాణీలో రామభజన వ్రాసితిమి. రెండవ చరణమునకే కూర్చున్నవారు నవ్వుచు ఆ చిత్రపు మాటలే పాడిరి. మా రాముడు ఎచ్చటికి పోయెనో మాకే తెలియలేదు.

ఇక్కడ ఒక మిత్రుడు మమ్ము అడ్డగించెను: ముత్తుస్వామి దీక్షితులవారు ఆంగ్లేయుల బ్యాండు బాణీలకు సంస్కృతము కూర్పలేదా? వారి జాతీయగీతపు బాణీని సైతము విడిచిరా? నిజమే, అట్టివి సుమారు నలువది యున్నవి. కాని దీక్షితులవారు మహాకృతులను కట్టిన చేతితో విలాసముగా చేసిన పని యది. పట్టెడన్నము వండుకొనగలవాడు ఒకనాడు పూటకూళ్ళయింట తినిన తప్పు లేదు. పొయ్యియే ఎఱుగనివానిని అక్కడికి తోలుట వేఱు. 2023లో కన్నుమూసిన గద్దర్ పల్లె బాణీలు ఎత్తుకొనలేదా యని మఱొకరు. పల్లె బాణీ అద్దె సరకు కాదు. అది మన మాటతో కలిసి పెరిగినది, మన నోటి కొలతకే కుట్టినది.

అమెరికాలో ఈ విద్యయే పరుల రికార్డులపై పుట్టినదని కుఱ్ఱవాడే చెప్పెను. 1973 ఆగష్టు 11న న్యూయార్కులోని బ్రాంక్స్ పేటలో కూల్ హెర్క్ అను జమైకా యువకుడు రికార్డులు మ్రోగించిన విందును దీని పుట్టినదినముగా ఎంచుచున్నారు. ఒకే రికార్డు ప్రతులు రెండు రెండు యంత్రములపై పెట్టి, డప్పు మాత్రము మ్రోగు తావును మరల మరల త్రిప్పి సాగదీయుట ఆయన నేర్పు. రికార్డు పరులదే, కాని చేయి తనది. ఎదుట ఆడువారి కాళ్ళు చూచి ఎంత సాగదీయవలెనో ఆ చేయి నిర్ణయించెను. కాలిఫోర్నియాలో పుట్టిన మన తెలుగు ఆడపడుచు, రాజకుమారి యను పేర పాడునామె, చిన్ననాడు శాస్త్రీయ నృత్యము నేర్చినది. ఆమె ఆంగ్ల ర్యాపులో సైతము జతుల విరుపు వినబడును. అంత దూరమున నున్న బిడ్డ దాచుకొన్నదానిని, కాజీపేట బండి యెక్కిన కొన్ని గంటలలో తెలుగునేల చేరగల మనము పోగొట్టుకొనుటయా?

“తాతా, బీటు లేకుండ ఎట్ల పాడాలె? పెట్టె కొననీకి పైసల్ లేవు” అని కుఱ్ఱవాడు మమ్మడిగెను. పెట్టె ఎందుకని బల్లపై అరచేతితో ఐదేసి వేసి చూపితిమి. మూడు మారులు తడబడెను. నాలుగవ మారు “బాపు” నిండుగా పలికెను. లోపల వంట చేయుచున్న మా యింటివారు గరిటెతో బయటికి వచ్చిరి.

కనుక కార్యవర్గమునకు మా విన్నపము. వచ్చే ఉగాదికి ర్యాప్ పాటలు పెట్టవలెను, కాని అద్దె దరువుతో కాదు. పాడువాడే వాయించుట మేలు. చేతకానిచో ప్రక్కన కూర్చుండి ఆతని మాట వినుచు వాయించు స్నేహితుడొకడు చాలును. నాజర్‌కు సైతము గుమ్మెటలతో ఇరుప్రక్కల వంతలుండిరి గదా. ఫోనులోనే దరువు కట్టగల పిల్లలున్నచో కట్టనిండు, చేయి వారిదైన చాలును. డప్పు వాయించువారిని రప్పించినచో వారికి కూలియు, కార్యక్రమపత్రములో పేరును ఇయ్యవలెను. ఇన్నేండ్లు మనము రెండింటికిని లోభించితిమి.

మా కంజీర గోడకు ఊరక వ్రేలాడుచున్నది. ఆదివారములు ఉదయము ఎనిమిది గంటలకు మేము ఇంటనే యుందుము. వానకాలములో తోలు మెత్తబడును. కుంపటి దగ్గఱ కొంచెము కాచుకొని మొదలు పెట్టవలెను.