ఆవకాయ వ్యాపారము – పరదేశపు సుంకము

మన మైలవరము సీమ మామిడితోటలకు పేరెన్నికగన్నది. ఇచటి ఆవకాయను అమెరికాలోని తెలుగువారికి పంపి నాలుగు డబ్బులు గడింప నెంచువారు, వెల నిర్ణయించుటకు ముందే ఆ దేశపు సుంకమును గూర్చి విచారింపవలయును. 2016 మొదలు 800 డాలర్లకు మించని పార్సెలు సుంకము లేకయే అచట ప్రవేశించుచుండెను. 2025 ఆగస్టు 29వ తేదీన ఆ మినహాయింపు తొలగిపోయెను. ఎగుమతి సరకుపై జి.ఎస్.టి. భారము పడకుండ మన చట్టమున వీలున్నది గదా యని నిశ్చింతగా నుండరాదు. ఆ వీలు పరదేశమున చెల్లదు. అచటి సుంకము నెవరు చెల్లింపవలయునో కొనువారితో ముందుగనే వ్రాతమూలమున నిశ్చయించుకొనుడు. లేనిచో, వారు పార్సెలును నిరాకరించిననాడు సరకును, రవాణా ఖర్చును, వేసవియెల్ల పడిన శ్రమయు నొక్కపెట్టున వ్యర్థమగును.