వలసపక్షులమా మనము?

మన సభలలో వక్తలకు అలవాటైన ఉపమానమొకటి కలదు: షోలాపురపు తెలుగువారు వలసపక్షుల వంటివారట! ఈ మాటకు చప్పట్లు కొట్టుట ఇక మానవలెను. ఆ వక్తలలో వలసపక్షిని చూచినవారెందరో నాకు సందేహమే.

చూడదలచినవారు దూరము పోనక్కరలేదు. భద్రావతి పేటనుండి నడచిపోదగిన దూరముననే, 12వ శతాబ్దపు శివయోగి సిద్ధరామేశ్వరుడు త్రవ్వించెనని ప్రతీతి గల సిద్ధేశ్వర తటాకమున్నది. చలికాలమున, మరమగ్గాల రొద చెవి సోకకమునుపే, గట్టున నిలువుడు. నీటియంచున తోక నాడించుచు పరుగిడు సన్నని పిట్టయే కాటుకపిట్ట. మన ప్రబంధకవులు నాయికల కన్నులకు సాటి తెచ్చిన ఖంజరీటమిదియే. ‘ఖంజరీటము అనగా ఒక పక్షి’ అని పిల్లలచేత వల్లె వేయింతుము. ఆ పక్షి హిమాలయములు దాటి మన ఊరికి వచ్చినను చూపము. పైగా భాషను కాపాడుచున్నామని చెప్పుకొందుము!

సాయంకాలము ఆకాశమున పొగవలె చుట్టుకొని తిరుగు గుంపులు గులాబి వన్నె గోరువంకలు. మధ్య ఆసియా గడ్డిబయళ్లలో పిల్లలను చేసి, వానకాలము ముగియకమునుపే మన దేశమునకు రాసాగును, ఏప్రిలునాటికి వెడలిపోవును. జొన్నకంకులు తినునని రైతు వీనిని వడిసెలతో తరుమును. మిడుతలను తెగ తినునని అతనికి చెప్పువారు తక్కువ.

ఇక ఉపమానము సంగతి. ఆ పక్షి గూడు కట్టునది అక్కడ; ఇక్కడ చలికాలము మాత్రము గడపును. మన తాతముత్తాతలు కరీంనగరము, నల్లగొండ, పాలమూరు ప్రాంతములనుండి వచ్చినమాట నిజమే. కాని గుంట త్రవ్వి మగ్గము పాతినది ఇక్కడ, పిల్లలు పుట్టినది ఇక్కడ, దేశమంతట పేరుపొందిన షోలాపురపు చద్దరు నేసినదియు ఇక్కడనే. మనము ఏ ఏప్రిలులో తిరిగిపోయితిమి? ఇతరులు ‘వలసవారు’ అన్నచో నొచ్చుకొను మనము, ఆ పేరునే వేదికనెక్కి తలకెత్తుకొనుట ఏమి వివేకము? చెరువు విషయమున అతిథి మాట చెల్లదు; ఊరివాని మాట చెల్లును.

ఆ మాట చెప్పవలసిన పనియు కలదు. శోభ పేరిట గట్లన్నిటికి రాయి పరచి, తుంగను రెల్లును పెరికి, రాత్రియెల్ల దీపములు వెలిగించినచో, బురదలో పురుగులేరుకొను పిట్టకు నిలువ చోటుండదు. (నిమజ్జనమునాడు నీట విడుచు రంగులు, పూజాద్రవ్యముల సంచులు మనవి కూడ, ఆ సంగతి దాచి నగరపాలక సంస్థను మాత్రము నిందించుట తగదు.) సంఘము పంపు మహజరుపై ‘ఈ ఊరివారము’ అని సంతకములుండవలెను. ఖంజరీటమున్న పుట పిల్లలకు చలికాలముననే చెప్పి, ఆ వారముననే గట్టునకు తీసికొనిపోవలెను. దుర్భిణి అక్కరలేదు, నాలుగు బారల దూరమున నిలిచినను అది బెదరదు.